ఎర్ర బాణాలు చెప్పినవీ, చెప్పనివీ: ఇంటికొచ్చి చేసే ఇన్‌ఫ్లమేషన్ ప్యానెల్‌పై సమీక్ష

మా నాన్నగారికి 66 ఏళ్లు. ఇన్‌ఫ్లుయెంజా-ఎ వైరస్ సోకి, అది ఊపిరితిత్తులకు పాకి, ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టించుకోవలసి వచ్చిన రోజుల్లో, ఇంటికే వచ్చి రక్తం తీసుకువెళ్లే ఒక ల్యాబ్ వారి ఇన్‌ఫ్లమేషన్ ప్యానెల్‌ను, అంటే ఒంట్లోని వాపు, మంటల ఆనవాళ్లను చూసే రక్తపరీక్షల కట్టను, మేము మూడుసార్లు వాడుకున్నాం. మధ్యలో ఒక పరీక్ష కోసం మరోసారి రక్తం ఇచ్చాం. ఆ సేవలో నాకు నచ్చినవీ, మమ్మల్ని దాదాపు పక్కదారి పట్టించినవీ రెండూ ఉన్నాయి. నేను చాలా ఏళ్లు బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసిన మనిషిని కాబట్టి ట్యూబు మూత రంగు నుంచి రిపోర్టులోని చివరి గీత వరకు అన్నిటినీ పట్టి చూసే అలవాటు ఉంది. ఆ అలవాటు లేని ఇంట్లో ఇవే కాగితాలు ఎలా చదువుతారో అన్న ఆలోచనే నన్ను ఈ సమీక్షకు కూర్చోబెట్టింది.

ప్యానెల్‌లో ఉన్నవి ఇవి: పూర్తి రక్తకణాల లెక్క, సీఆర్‌పీ, ఫెరిటిన్, ఎల్‌డీహెచ్, డీ-డైమర్, ప్రోకాల్సిటోనిన్ (ముఖ్యంగా బ్యాక్టీరియా సోకినప్పుడు పెరిగేది), ఇంటర్‌ల్యూకిన్-6. తీవ్రమైన వైరల్ న్యుమోనియా వచ్చినప్పుడు వైద్యులు తరచుగా అడిగే పరీక్షలే ఇవన్నీ. కాబట్టి ఎంపికలో పెద్ద తప్పు లేదు. అయితే వీటిని ఒకే కట్టగా కట్టి, ‘రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందిస్తోందో లేదో ఇంట్లోనే తెలుసుకోండి’ అన్నట్టుగా అందించడంలోనే చిక్కంతా ఉంది. ఇవి అతిస్పందనను నేరుగా కొలిచే పరీక్షలు కావు. ఒక్కొక్కటి ఒక్కో చోటు నుంచి, ఒక్కో వేగంతో, ఒక్కో కారణంగా రక్తంలోకి వచ్చే ఆనవాళ్లు మాత్రమే.

మొదట రక్తం తీసిన తీరు గురించి చెప్పాలి, ఎందుకంటే అక్కడ వారికి పూర్తి మార్కులు వేస్తాను. జ్వరం మొదలైన నాలుగో రోజు సాయంత్రం వచ్చిన కుర్రవాడు నాన్నగారి చేత పేరు, వయసు చెప్పించి, ట్యూబుల మీద లేబుళ్లు ఆయన కళ్ల ముందే అంటించాడు. ముందు నీలం మూత ట్యూబు, తర్వాత పసుపు మూత ట్యూబు, చివర ఊదా మూత ట్యూబు నింపాడు. ఈ వరుస యథాలాపంగా పెట్టుకున్నది కాదు. ఊదా ట్యూబులోని ఈడీటీఏ రసాయనం కొంచెం మిగతావాటిలోకి చేరినా కొన్ని ఫలితాలు తారుమారవుతాయి. నీలం ట్యూబులో డీ-డైమర్ కోసం సిట్రేట్ ద్రవం ఉంటుంది. దానికి తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు ద్రవం అన్న నిష్పత్తి తప్పకూడదు, అందుకే గీత దాకా నింపాలి. ఆ కుర్రవాడు గీత దాకా నింపాడు. ట్యూబులను ఊపకుండా, నెమ్మదిగా తలకిందులు చేసి కలిపి, చల్లని పెట్టెలో నిలబెట్టాడు. “బాబూ, సూది గుచ్చినట్టే తెలియలేదు” అన్నారు నాన్నగారు. దగ్గుతో నిద్రలేని మనిషి నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

మరునాడు ఉదయానికే, ఇంటర్‌ల్యూకిన్-6 మినహా మిగతా ఫలితాలన్నీ ఫోనుకు వచ్చాయి. సీఆర్‌పీ 64, ఫెరిటిన్ 590, ఎల్‌డీహెచ్ 290, డీ-డైమర్ 410, తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు మైక్రోలీటరుకు 810, న్యూట్రోఫిల్స్ 6,480, ప్రోకాల్సిటోనిన్ 0.08. చివరి రెండూ తప్ప అన్నిటి పక్కనా ఎర్ర బాణం. అన్నిటికీ పైన, గడియారం ముల్లులాంటి ఒక బొమ్మ. దాని కింద ‘సైటోకైన్ స్టార్మ్ ముప్పు: మధ్యస్థం’ అని రాసి ఉంది. మా అమ్మ ఆ బొమ్మ చూసి కుర్చీలో కూలబడిపోయింది.

ఆ బొమ్మ గురించి చెప్పే ముందు, ఈ అంకెల వెనుక శరీరంలో ఏం జరుగుతుందో కొంత వివరించడం అవసరం. శ్వాసనాళాల కణాల్లోకి వైరస్ చేరగానే ముందుగా పలకవలసినది ఇంటర్‌ఫెరాన్. 1957లో ఐజాక్స్, లిండెన్‌మాన్ అనే శాస్త్రవేత్తలు దీనికి ఆ పేరు పెట్టారు. పొరుగు కణాలను అప్రమత్తం చేసి, వైరస్ తన సంఖ్యను పెంచుకోకుండా అడ్డుపడే సంకేతం ఇది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కు ఎన్‌ఎస్-1 అనే ఒక ప్రొటీన్ ఉంది. ఈ తొలి హెచ్చరికను అణచివేయడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఆ హెచ్చరిక ఆలస్యమైతే వైరస్ విపరీతంగా పెరిగిపోతుంది. తర్వాత మేల్కొన్న మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్ అనే రక్షక కణాలు ఒక్కుమ్మడిగా సైటోకైన్లను, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రొటీన్లను, విడుదల చేస్తాయి, గాలితిత్తుల చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాల గోడలు సడలిపోతాయి, ద్రవం కారి గాలి ఉండవలసిన చోట నీరు చేరుతుంది. ఆక్సిజన్ పడిపోయేది అందుకే. ‘సైటోకైన్ స్టార్మ్’ అన్న మాట మొదట వైరస్‌ల సందర్భంలో పుట్టలేదు. మూలకణ మార్పిడి తర్వాత దాత కణాలు రోగి శరీరంపై తిరగబడే జబ్బు గురించి 1993లో రాసిన ఒక పరిశోధన వ్యాసంలో అది కనిపించింది. బర్డ్ ఫ్లూ వచ్చిన తర్వాత, ఆపై 2020లో కోవిడ్‌తో, ఆ మాట ఇంటింటికీ చేరింది.

ఇలా ఇంటింటికీ చేరడంలో ఒక ముఖ్యమైన సంగతి జారిపోయిందని నా అభిప్రాయం. వియత్నాంలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ సోకినవారిపై జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలో, చనిపోయినవారి రక్తంలో సైటోకైన్లు మాత్రమే కాదు, గొంతులో వైరస్ పరిమాణం కూడా చాలా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అంటే రోగనిరోధక వ్యవస్థకు ఉన్నట్టుండి మతి తప్పి ఇల్లు తగలబెట్టిందని అనుకోవడం సగం నిజమే. మంట పెద్దదైంది కాబట్టి దాన్ని ఆర్పడానికి పోసిన నీళ్లూ ఎక్కువయ్యాయి, ఆ నీళ్లే గోడలను నానబెట్టాయి. కోవిడ్‌లో ఇంకో ముఖం బయటపడింది. ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది రోగులను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, 101 మంది రక్తంలో తమ సొంత టైప్-1 ఇంటర్‌ఫెరాన్లను నిర్వీర్యం చేసే యాంటీబాడీలు కనిపించాయి. వారిలో మొదటి లోపం అతిస్పందన కాదు, తొలి స్పందన అందకపోవడం. నేను సమీక్షిస్తున్న ప్యానెల్‌లోని ఏ పరీక్షా ఈ లోపాన్ని చూడలేదు. ఆ బొమ్మలోని ముల్లు మాత్రం ఈ రెండు రకాల రోగులకూ ఒకే చోట ఆగుతుంది.

ముల్లు ఎక్కడ ఆగాలో ఎలా నిర్ణయించారని యాప్‌లో అడిగాను. రక్తపరీక్షల ఫలితాల ఆధారంగా తయారైన తమ సొంత లెక్క అని మర్యాదగానే జవాబిచ్చారు, అంతకు మించి చెప్పలేదు. పోల్చడానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. బ్రిటన్‌లో కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరినవారి వివరాలతో 2020లో రూపొందించిన 4సీ మోర్టాలిటీ స్కోర్‌లో ఎనిమిది అంశాలు ఉంటాయి: వయసు, స్త్రీ పురుష భేదం, ఇతర దీర్ఘకాలిక జబ్బుల సంఖ్య, శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, స్పృహ స్థాయి, యూరియా, సీఆర్‌పీ. ఎనిమిదింటిలో రక్తపరీక్షలు రెండే. మిగిలిన ఆరూ మంచం పక్కన నిలబడి చూస్తే తెలిసేవి. ఏ అంశానికి ఎన్ని పాయింట్లో ఎవరైనా చదువుకోవచ్చు. మా ల్యాబ్ యాప్ నాన్నగారి ఆక్సిజన్ ఎంతో అడగలేదు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో అడగలేదు, జబ్బు మొదలై ఎన్నో రోజో కూడా అడగలేదు. అవేమీ అడగకుండా ముప్పును మధ్యస్థమని చెప్పడం నాకు బాధ్యతగా అనిపించలేదు. అసలు ఆ బొమ్మను తీసేసినా ప్యానెల్ విలువ తగ్గదు, పైగా పెరుగుతుంది.

ఎన్నో రోజు అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో చెప్పడానికి సీఆర్‌పీ ఒక్కటి చాలు. ఇది కాలేయంలో తయారయ్యే ప్రొటీన్. 1930లో రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, దీన్ని గుర్తించారు. ఇంటర్‌ల్యూకిన్-6 అనే సైటోకైన్ కాలేయాన్ని తట్టి లేపితే కొన్ని గంటల్లో పెరగడం మొదలుపెట్టి, దాదాపు రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. మాయమయ్యే వేగం మాత్రం మనుషులందరిలో ఇంచుమించు ఒకటే: దాని అర్ధాయువు సుమారు 19 గంటలు. జబ్బు రెండో రోజున 64 ఉండటం వేరు, ఎనిమిదో రోజున పైనుంచి దిగుతూ 64 దగ్గర ఉండటం వేరు. తెల్లారగట్ల చీకటీ మునిమాపు చీకటీ ఒక్కలాగే ఉంటాయి. తర్వాత వెలుగు వస్తుందా, చీకటి ముదురుతుందా అన్నది చీకటిని చూసి చెప్పలేం.

ఆ 19 గంటల లెక్క మాకు నిజంగానే అక్కరకు వచ్చింది. ఆరో రోజు రెండో ప్యానెల్‌లో సీఆర్‌పీ 81 వచ్చింది. ఆ రాత్రి నాన్నగారి ఆక్సిజన్ 91 శాతానికి దిగింది, నిమిషానికి 28 సార్లు ఊపిరి తీస్తున్నారు. రిపోర్టుల గురించి ఆలోచించకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లాం. ఏడో రోజు ఆస్పత్రి ల్యాబ్ వారి కాగితంలో సీఆర్‌పీ 11.8 అని ఉంది. మా తమ్ముడు ఆ కాగితం పట్టుకుని వరండాలో పరుగెత్తుకొచ్చాడు. “అన్నయ్యా, 81 నుంచి 11కి పడిపోయింది, గండం గడిచినట్టే” అన్నాడు. అతని ముఖం చూసి నేను కూడా ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. వెంటనే మనసులో లెక్క కట్టుకున్నాను. కాలేయం సీఆర్‌పీ తయారీని పూర్తిగా ఆపేసినా, 81 సగమై నలభై చిల్లర కావడానికే 19 గంటలు పడుతుంది, 11.8కి రావాలంటే రెండు రోజులు దాటాలి. ఒక్క రోజులో అది అసాధ్యం. కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూస్తే, అంకె పక్కన చిన్న అక్షరాల్లో డెసిలీటరుకు మిల్లీగ్రాములు అని ఉంది. ఇంటికి వచ్చే ల్యాబ్ లీటరుకు లెక్కిస్తుంది. అంటే 11.8 అసలు 118. తగ్గలేదు సరికదా, సగానికి సగం పెరిగింది. తమ్ముడికి ఆ మాట చెప్పడం ఆ వారంలో నేను చేసిన అతి కష్టమైన పని.

డీ-డైమర్ విషయంలో సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. గడ్డకట్టిన రక్తంలోని ఫైబ్రిన్ కరిగినప్పుడు మిగిలే ముక్క ఇది. తీవ్రమైన ఇన్‌ఫ్లమేషన్‌లో రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని చిన్న చిన్న గడ్డలు ఏర్పడే అవకాశం ఉంది కాబట్టి దీన్ని చూస్తారు. దీనికి రెండు కొలమానాలు వాడుకలో ఉన్నాయి: ఒకటి డీ-డైమర్ యూనిట్లలో చెబుతుంది, ఇంకొకటి ఫైబ్రినోజెన్‌తో సమానమైన యూనిట్లలో, అంటే ఎఫ్‌ఈయూలో చెబుతుంది. ఒకే రక్తానికి రెండో పద్ధతిలో అంకె సుమారు రెట్టింపు వస్తుంది. ఇంటి ల్యాబ్‌లో 430 ఉన్నది ఆస్పత్రిలో 900 అయ్యేసరికి, ఊపిరితిత్తుల్లో గడ్డ కట్టిందేమోనని అందరూ హడలిపోయారు. నిజానికి అది దాదాపు ఉన్నచోటే ఉంది. వైద్యురాలు కాళ్లను పరిశీలించి, గుండె వేగం, ఆక్సిజన్ ధోరణి చూసి, రెండు ల్యాబ్‌ల అంకెలను పక్కపక్కన పెట్టవద్దని ఓపికగా చెప్పారు.

ఇది ఏ ఒక్క ల్యాబ్ తప్పూ కాదని నాకు తెలుసు, రెండు పద్ధతులూ సరైనవే. కానీ రోగులు ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి మారతారని తెలిసి ప్యానెల్ అమ్మేవారు, కొలమానాన్ని అంకె కంటే చిన్న అక్షరాల్లో, లేత బూడిద రంగులో అచ్చు వేయకూడదు. ఎర్ర బాణానికి ఇచ్చిన చోటులో సగం కొలమానానికి ఇచ్చి ఉంటే మా వరండాలో ఆ రెండు సంఘటనలూ జరిగేవి కావు.

ఇక నా అసలు ఫిర్యాదు. ఆరో రోజు ఉదయం రక్తం తీయడానికి వేరే మనిషి వచ్చాడు. నాన్నగారి శరీరంలో నీరు తగ్గి నరం సరిగా దొరకలేదు. రెండుసార్లు గుచ్చి, సిరంజిని గట్టిగా వెనక్కి లాగి, ఆ రక్తాన్ని సూదితోనే ట్యూబుల్లోకి నొక్కి పంపాడు. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది: ఎల్‌డీహెచ్ 640. రెండు రోజుల క్రితం 290. ఎల్‌డీహెచ్ దాదాపు అన్ని కణాల్లోనూ ఉండే ఎంజైమ్. కణాలు దెబ్బతింటే బయటికి వస్తుంది, అందుకే ఊపిరితిత్తుల నష్టానికి ఒక ఆనవాలుగా వాడతారు. అయితే ఎర్ర రక్తకణాల్లో అది ప్లాస్మాలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. సూదిలోంచి బలవంతంగా నొక్కినప్పుడు ఎర్రకణాలు చిట్లితే, ఊపిరితిత్తులు ఎలా ఉన్నా ఎల్‌డీహెచ్ ఎగసిపోతుంది. అలా చిట్లిన నమూనాలో ఎండుగడ్డి రంగులో ఉండవలసిన సీరం గులాబీ రంగుకు తిరుగుతుంది, కంటికే తెలిసిపోతుంది. ఈనాటి యంత్రాలు చాలావరకు దాన్ని తామే కొలిచి ఒక సూచిక ఇస్తాయి.

ల్యాబ్‌కు ఫోన్ చేసి, నమూనాలో కణాలు చిట్లాయా అని అడిగాను. కొంతసేపు ఆగమని చెప్పి, తిరిగి వచ్చి, అవునన్నారు. మరి రిపోర్టులో ఆ ముక్క ఎందుకు లేదంటే, ప్యానెల్ రిపోర్టు ఫారంలో వ్యాఖ్యలకు చోటు లేదన్నారు. ఈ జవాబు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అంకె తప్పని చెప్పే సమాచారం వాళ్ల దగ్గర ఉంది, అంకె మాత్రమే మా దగ్గరికి వచ్చింది, ముల్లు బొమ్మ ఆ తప్పుడు అంకెను కూడా లెక్కలో కలుపుకుని ‘అధికం’ వైపు తిరిగింది. మళ్లీ రక్తం తీయమని పట్టుబట్టాను. సాయంత్రం మొదటి కుర్రవాడు వచ్చి తీశాడు. ఎల్‌డీహెచ్ 318. జబ్బు కొంత ముదిరిన మాట నిజమే; రెట్టింపు కాలేదు.

మిగతా పరీక్షల్లో ఫెరిటిన్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో చదువుకున్నవాళ్లను ఎక్కువగా భయపెట్టేది అదే. ఇనుమును దాచుకునే ప్రొటీన్ ఇది, ఇన్‌ఫ్లమేషన్‌లో పెరుగుతుంది. మాక్రోఫేజ్‌లు అదుపు తప్పే అరుదైన హెచ్‌ఎల్‌హెచ్ అనే జబ్బులో వేలల్లోకి వెళుతుంది. ఆ జబ్బు నిర్ధారణకు 2004లో ఖరారు చేసిన ప్రమాణాల్లో ఫెరిటిన్ 500 ఒక మెట్టు. నాన్నగారి 590 చూసి మా మేనకోడలు అర్ధరాత్రి వరకు దాని గురించే చదివి ఏడ్చింది. కానీ ఆ ప్రమాణాలు మొత్తం ఎనిమిది, కనీసం ఐదు నెరవేరాలి. పైగా నాన్నగారికి కాలేయంలో కొవ్వు పేరుకుని చాలా ఏళ్లయింది, అలాంటివారికి ఫెరిటిన్ మామూలు రోజుల్లోనే ఎక్కువగా ఉండటం కద్దు. ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పటి ఫెరిటిన్ ఎవరూ చూడలేదు. కాలేయ జబ్బు ఉందా అన్న ఒక్క ప్రశ్న యాప్‌లో ఉండి ఉంటే ఎంత బాగుండేది.

ఇంటర్‌ల్యూకిన్-6 ఫలితం రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది: 46. అప్పటికి నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నారు. 1986లో ఒసాకా విశ్వవిద్యాలయంలో కిషిమోతో, హిరానో బృందం ఈ సైటోకైన్ జన్యువును వేరు చేసి చూపడం రోగనిరోధక శాస్త్రంలో పెద్ద మలుపు, దాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందు కూడా ఆ దారిలో వచ్చినదే. అయినా ఈ ప్యానెల్‌లో ఈ పరీక్ష అలంకారమే అంటాను. రక్తంలో అది గంటగంటకూ మారుతుంది, నమూనా వెచ్చగా నిలవ ఉంటే నమ్మకం తగ్గుతుంది, వేర్వేరు కిట్లలో అంకెలు కలవవు. అది కాలేయంతో చెప్పే మాటను సీఆర్‌పీ ఎలాగూ ఆ రోజే చెబుతోంది. రెండు రోజుల తర్వాత వచ్చే పాత కబురు కోసం ఒక ట్యూబు రక్తం తీయనక్కరలేదు.

దీనికి భిన్నంగా, ఎవరూ పట్టించుకోని లింఫోసైట్ల లెక్క నాకు అన్నిటికంటే నమ్మకంగా అనిపించింది. నాలుగో రోజు 810, ఆరో రోజు 690. తీవ్రమైన వైరల్ జబ్బుల్లో ఇవి తగ్గిపోవడం తరచుగా కనిపిస్తుంది, న్యూట్రోఫిల్స్‌తో వీటి నిష్పత్తి పెరుగుతుంది. మామూలు రక్తపరీక్షలో, ఎక్కడైనా, గంటలో తేలే విషయం ఇది. స్టెరాయిడ్ మందులు వాడుతుంటే మాత్రం న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గుతాయి కాబట్టి నిష్పత్తిని నమ్మకూడదు. వాడుతున్న మందుల గురించీ యాప్ అడగలేదు.

స్టెరాయిడ్ల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి రాయకుండా ఉండలేను. ‘ముప్పు: అధికం’ అన్న రిపోర్టును కుటుంబమంతా ఫోన్లలో పంచుకున్నారు. మా దూరపు బంధువు ఒకాయన, కోవిడ్ రోజుల్లో డెక్సామెథసోన్ ఎందరినో బతికించింది కదా, వెంటనే ఇంట్లోనే మొదలుపెట్టమని పదే పదే ఫోన్ చేశారు. ఆయన చెప్పినదాంట్లో మొదటి సగం నిజం. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో, వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగుల్లో మామూలు వైద్యంతో 28 రోజుల్లో 41.4 శాతం మంది చనిపోతే డెక్సామెథసోన్ ఇచ్చినవారిలో 29.3 శాతం మంది చనిపోయారు. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవారిలో 26.2 శాతం కాస్తా 23.3కి తగ్గింది. ఆక్సిజన్ అవసరమే లేనివారిలో మేలు కనిపించలేదు. 14 శాతానికి బదులు 17.8 శాతం చనిపోయారు. అదే ట్రయల్‌లో టోసిలిజుమాబ్‌ను పరీక్షించినప్పుడు, ఆక్సిజన్ తగ్గి ఉండటంతో పాటు సీఆర్‌పీ లీటరుకు 75 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉన్నవారినే తీసుకున్నారు. రక్తంలోని ఆనవాలుకు వైద్యంలో అసలైన స్థానం అక్కడ కనిపిస్తుంది: ఒంటరిగా కాదు, రోగి ఊపిరితో జతగా. పైగా ఇదంతా కోవిడ్ సంగతి. ఇన్‌ఫ్లుయెంజాలో స్టెరాయిడ్ల వల్ల మేలు జరుగుతుందని అలా నిరూపణ కాలేదు, వైరస్ మరిన్ని రోజులు నిలిచిపోతుందన్న ఆందోళనా ఉంది. వైద్యురాలు ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందును, ఆక్సిజన్‌ను కొనసాగించారు, స్టెరాయిడ్ ఇవ్వలేదు. ప్రోకాల్సిటోనిన్ 0.11 దగ్గరే ఉండటం, కఫం కల్చర్‌లో ఏమీ పెరగకపోవడం చూసి, మొదట పెట్టిన యాంటీబయాటిక్‌ను మూడో రోజుకు ఆపేశారు. ఫ్లూ తర్వాత బ్యాక్టీరియా న్యుమోనియా రావడం మామూలే కాబట్టి ఆ ఒక్క పరీక్ష మా ఖాతాలో చాలా పనిచేసిందని చెప్పాలి.

తొమ్మిదో రోజుకు సీఆర్‌పీ, ఆస్పత్రి కొలమానంలో, 6.4కి దిగింది. పన్నెండో రోజున ఇంటికి వచ్చారు.

ఈ సేవను మళ్లీ వాడతారా అని మా ఇంట్లోనే నన్ను అడిగారు. ఆస్పత్రి నుంచి వచ్చిన తర్వాత, కోలుకుంటున్న మనిషిని ప్రయాణం చేయించకుండా, వైద్యులు అడిగిన నాలుగు పరీక్షలు ఇంటివద్దే చేయించుకోవడానికి తప్పకుండా వాడతాను. ఒకే ల్యాబ్‌లో, ఒకే కొలమానంలో, వరుసగా తీసిన ఫలితాలను యాప్‌లో గీతగా చూపే పద్ధతి నిజంగా బాగుంది. వైద్యురాలు కూడా ఫోన్ తీసుకుని ఆ గీతలనే చూశారు. ఊపిరి ఆడని మనిషిని ఆస్పత్రికి తీసుకువెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి మాత్రం వాడను, ఎవరూ వాడవద్దు. ఆ ప్రశ్నకు వేలికి తగిలించే ఆక్సిమీటర్, చేతి గడియారం, రోగి పెదవుల రంగు ముందుగా జవాబు చెబుతాయి. రక్తపరీక్ష ఎంత త్వరగా వచ్చినా కొన్ని గంటల వెనుక ఉంటుంది.

చిట్లిన నమూనా గురించి, కొలమానాల అచ్చు గురించి, జబ్బు ఎన్నో రోజో అడగని విషయం గురించి ల్యాబ్‌కు వివరంగా ఉత్తరం రాశాను. నమూనా నాణ్యతపై వ్యాఖ్యను రిపోర్టులో చేర్చే విషయం పరిశీలిస్తామని జవాబు వచ్చింది. ముల్లు బొమ్మ గురించి ఏమీ అనలేదు.

పదహారో రోజు చివరి ప్యానెల్‌కు మళ్లీ మొదటి కుర్రవాడే వచ్చాడు. సీఆర్‌పీ లీటరుకు 8, లింఫోసైట్లు 1,650, ఎల్‌డీహెచ్ మామూలు హద్దులో. ఫెరిటిన్ ఇంకా 430, దాని పక్కన ఎర్ర బాణం అలాగే ఉంది. రక్తం తీశాక ఆ కుర్రవాడు, “జ్వరం మొదలై ఎన్ని రోజులైంది సార్?” అని నన్ను అడిగాడు. చెప్పాను. యాప్‌లో రాయడానికి చోటు లేదు కాబట్టి జేబులోంచి పెన్ను తీసి, నమూనాలతో వెళ్లే చీటీ మూలన ‘16వ రోజు’ అని రాసుకున్నాడు.